వాణి కాలి పట్టీ

నేను ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్లని. పోటీలవాళ్లు నన్ను చిప్ అంటారు. ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకేరోజు వరసగా చేసే ట్రయథ్లాన్ అనే పోటీలో నన్ను పట్టీకి గుచ్చి చీలమండకి కట్టుకుంటారు. దారిలో అక్కడక్కడా రబ్బరు పట్టాలు పరిచి ఉంటాయి. నేను వాటి మీదుగా వెళ్తే కుయ్‌మంటాయి, ఫలానా మనిషి దాటాడని ఎక్కడో కంప్యూటర్లో పడుతుంది. అంతే నా ఉద్యోగం.

ఏదో ఫ్యాక్టరీలో వేలమంది తోబుట్టువులతో పుట్టాను. రాగితీగ చుట్టి, మూతపెట్టి, నంబరు అచ్చుగుద్ది పంపేశారు. ఆ తర్వాత ఎన్ని కాళ్లు చూశాను! డాక్టర్లవి, పోలీసులవి, పెళ్లికి ముందు పొట్ట తగ్గించుకుందామని తాపత్రయపడే పెళ్లికొడుకులవి. వెనక పులి తరమకపోయినా ప్రాణభయంతో ఉన్నట్టు పరిగెత్తే జాతి మనుషులది ఒక్కటే. గీత దాటితే ఏడుస్తారు. దాటలేకపోయినా ఏడుస్తారు. నన్ను బకెట్లో పడేసి అరటిపండు కోసం పోతారు. వాళ్లలో ఎవరి పేరూ నాకు గుర్తులేదు. గుర్తున్నది ఇద్దరే, విశాఖపట్నం వదినామరదళ్లు.

సత్యవాణి బ్యాంకులో ఆఫీసరు. ముప్పయ్యారేళ్ల మనిషి, చేపలా ఈదుతుంది. ఆమె అన్న భార్య ఇందుమతి జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. వయసులో పెద్దది, పరుగులో నత్త. వాణికి తల్లి చిన్నప్పుడే పోయింది. ఇందుమతి కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆ పిల్ల రెండు జడలేసుకుని బడికెళ్తోంది.

రుషికొండ బీచిలో తెల్లవారుతుండగా, పోటీకి దిగుతున్న ఇందుమతి తన చిప్పు కట్టుకుంటుంటే పక్కనే వాణి నన్ను కాలికి కట్టుకుంది. పట్టీ బిగిస్తూ అంది:

"వదినా, మాటివ్వు. మధ్యలో నేను ఏడ్చినా సరే, నన్ను ఆపకు."

"అదేం మాటే?"

"పెళ్లి సగంలో పోయింది. ప్రమోషను పరీక్ష సగంలో వదిలేశాను. కిందటేడు ఈ పోటీ కూడా సగంలోనే ఆపేశాను. మొదలుపెట్టింది ఒక్కటైనా పూర్తిచెయ్యాలి నేను. మాటివ్వు."

ఇందుమతి ఆమె చేతిలో చెయ్యి వేసింది.

సముద్రం ఆరోజు మంచిగా లేదు. అలలు ఎత్తి కొడుతున్నాయి. వాణి వాటికింద నుంచి దూరిపోయింది. నేను ఉప్పునీళ్లలో ఆమె కాలితోపాటు ఆడుతూ, ఆమె నాడి తొణకకుండా కొట్టుకోవడం విన్నాను. ఒడ్డుకొచ్చి సైకిలెక్కి భీమిలి రోడ్డు పట్టింది. ఎదురుగాలి. ఆమె తల ఎత్తలేదు. నీళ్ల సీసా ఒకటి గతుకుల్లో జారిపడితే ఆగి తీసుకోలేదు. అక్కడ నాకు మొదటిసారి గుబులు పుట్టింది.

పరుగు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సముద్రం పక్కనే ఉన్నా గాలి పూర్తిగా పడిపోయింది. బీచిరోడ్డు మీద పోయి రావాలి, మళ్లీ పోయి రావాలి. మొదటి చుట్టులో వాణి ఒళ్లంతా చెమట కారి నన్ను తడిపింది. రెండో చుట్టులో చెమట ఆగిపోయింది. పట్టీ కింద చర్మం కాగిన పెనంలా పొడిగా ఉంది. నాడి గుర్రంలా దౌడు తీస్తోంది. నీళ్లిచ్చే బల్ల పక్కనుంచే, అటు చూడకుండా వెళ్లిపోయింది. నాకు నోరు లేదు. ఉంటే ఆరోజు అరిచేవాడిని.

వెనకనుంచి ఇందుమతి వచ్చి కలిసింది. ఎన్నడూ వాణిని అందుకోని మనిషి అందుకోగానే సంబరపడలేదు, హడలిపోయింది.

"వాణీ! నీళ్లు తాగావా?"

వాణి రోడ్డుకి అడ్డంగా ఊగుతూ ఆమెకేసి చూసింది. "అమ్మా, తొందరగా రా. బస్సు వెళ్లిపోతోంది."

ఇందుమతి మొహంలో నెత్తురు ఇంకిపోయింది. వాణి చెయ్యి పట్టుకుంటే ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి, అంత ఎండలో.

"ఆగు. కూర్చో ఇక్కడ."

"వదులు!" ఉన్నట్టుండి వాణికి తెలివొచ్చినట్టయింది. "మాటిచ్చావ్ వదినా. ఇంకెంతో లేదు. మాటిచ్చావ్!"

నీళ్ల బల్ల దగ్గరి వలంటీరు, నడివయసావిడ, పరిగెత్తుకొచ్చింది. "ఏటైందండీ?"

"అంబులెన్సు పిలవండి."

"నేను బాగానే ఉన్నాను!" వాణి వదినని తోసింది. ఇద్దరూ పడబోయి నిలదొక్కుకున్నారు.

వలంటీరు ఇద్దరికేసీ మార్చిమార్చి చూసింది. "ఆవిడ బాగున్నానంటన్నారు కదండీ. పోటీలో ఉన్న మనిషిని మనం ఎలా ఆపుతాం?"

ఇందుమతి రోడ్డు మీద మోకాళ్లమీద కూలబడి, వాణి కాలు ఒడిసి పట్టుకుని, పట్టీ చర్రున లాగేసింది. నేను ఆమె గుప్పిట్లోకి వచ్చి పడ్డాను.

"ఇప్పుడు పోటీలో లేదు. పిలవండి."

"నిన్నే నమ్మాను," అంది వాణి. అని, నిలబడ్డచోటే కుప్పకూలింది.

అక్కడే ఆగిన అంబులెన్సులో మంచు సంచులు చంకల్లో, మెడకింద పెట్టారు. తడిబట్టలు కప్పారు. కుర్ర డాక్టరు జ్వరం చూసి ఇంకా మంచు తెమ్మన్నాడు. ఇందుమతి తలుపు దగ్గర నిలబడి నన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే నా అంచులు ఆమె అరచేతిలో దిగాయి. చాలాసేపటికి డాక్టరు "మీ పేరేంటమ్మా?" అని అడిగితే వాణి సరిగ్గా చెప్పింది. ఊరు చెప్పింది. తర్వాత వదినకేసి చూసి మొహం అటు తిప్పేసుకుంది.

"గండం గడిచింది," అన్నాడు డాక్టరు. "ముగింపు దగ్గరి టెంటుకి తీసుకెళ్తాం. మీకింకా టైముంది, వెళ్లండి."

ఇందుమతి కదల్లేదు.

"నా ఎదురుగా నిలబడకు," అంది వాణి అటే చూస్తూ. "ఫో."

ఆమె పరిగెత్తింది. దాన్ని పరుగంటే మిగతావాళ్లు నవ్వుతారు. ఏడుస్తూ, కుంటుతూ, గడువు ముంచుకొస్తుంటే ఒక్కో దీపస్తంభం దాటుకుంటూ వచ్చింది. గుప్పిట్లో నేను ఉన్నానన్న సంగతే మరిచిపోయింది.

ముగింపు పట్టా రెండుసార్లు కుయ్‌మంది.

"ఇందుమతిగారు! సత్యవాణిగారు!" మైకు ఊగిపోయింది. "ఇద్దరూ గడువులోపే పూర్తిచేశారు!"

జనం చప్పట్లు. మెడలో పతకం వేసిన అమ్మాయి ఇంకోటి పట్టుకుని వెతికింది. "రెండో ఆవిడేరండీ? పోనీ మీరే తీసుకోండి మేడమ్."

ఇందుమతి గుప్పిట విప్పి నాకేసి చూసింది. ఆమె చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. దారిలో లాక్కున్నది ఇక్కడ ఊరికే తిరిగొస్తోంది. చెయ్యి చాపితే చాలు. ఆ పిల్ల కోరుకున్నది ఇదొక్కటే. చెయ్యి లేచింది కూడా. పతకం దాకా వెళ్లి ఆగింది.

నేరుగా కంప్యూటర్ల బల్ల దగ్గరికెళ్లింది. "సత్యవాణి పేరు తీసెయ్యండి."

"పూర్తయినట్టే చూపిస్తోందండీ."

"అది తప్పు. పరిగెత్తింది నేను. ఇది నా చేతిలో ఉండిపోయింది."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేనాడిన అబద్ధం అదొక్కటే. దాన్ని నా ఎదుటే కొట్టేశారు.

టెంటులో వాణి మంచం మీద పడుకుని ఉంది. "మైకులో నా పేరు విన్నాను," అంది.

"తీయించేశాను."

వాణి చూపు టెంటు కప్పుకేసి తిప్పుకుంది. "ఒకేరోజు రెండుసార్లు లాక్కున్నావ్ వదినా."

"అవును," అంది ఇందుమతి. కుంటుతూ వచ్చి మంచం అంచు పట్టుకుంది.

వాణి కళ్ల పక్కనుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. తుడుచుకోలేదు. కాసేపటికి, ఇంకా కోపంగానే, మెడకింద నుంచి మంచు సంచి తీసి వదిన వైపు నెట్టింది.

"మోకాలు చూడు, ఎలా వాచిపోయిందో. పెట్టుకో."

ఇందుమతి మంచం చివర కూర్చుని పెట్టుకుంది. సాయంత్రం బకెట్లు పోగుచేసేవాళ్లు వచ్చి అడిగేదాకా నన్ను ఆమె వదల్లేదు.

తర్వాత నన్ను వేరే ఊళ్లకి పంపేశారు. వాణి మళ్లీ పోటీకి వచ్చిందో లేదో నాకు తెలీదు. ఇప్పుడు ఉప్పు తిని తీగలు పాడై, పనికిరాని చిప్పులతో కలిసి అట్టపెట్టెలో ఉన్నాను. రేపోమాపో తూకానికి పోతాం. ఇక్కడివాళ్లంతా తమని కట్టుకున్న విజేతల గురించే చెప్పుకుంటారు. నా వంతు వచ్చినప్పుడు నేను మంచు సంచి సంగతి చెబుతాను.