ఎవరిదీ కాని చోటు

వీరన్న చేతిలో పటకారు ఉంది. మోటార్లు బాగుచేసే మనిషి, పనిముట్టు పట్టుకోవడం బాగా తెలిసినవాడు. అతని ముందు మట్టిలో దేవె కూర్చుని ఉంది. ఆమె చేతులను ఇద్దరు యువకులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. చేతబడి చేసినవాళ్ల ముందరి పళ్లు పీకేస్తే ఇక మంత్రం పలకదని మా వైపు ఒక నమ్మకం. చదువుకున్నవాళ్లలోనూ ఉంది.

"నోరు తెరువే!"

దేవె తెరవలేదు. ఇది జరిగింది 2007లో, టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న మా ఊళ్లో, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా.

దేవె గుత్తికోయ ఆదివాసీ స్త్రీ. రాష్ట్ర సరిహద్దు అవతల పల్లెలు తగలబడినప్పుడు అడవిగుండా నడిచి వచ్చిన కుటుంబాలలో ఆమెది ఒకటి. వాళ్లు వాగు అవతలి ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. వాగుకు ఇవతల వీరన్న వాళ్ల లంబాడీ తండా, దాని పక్కనే క్రైస్తవుల కాలనీ. ఆ ఏడాది మూడుచోట్లా జ్వరాలు. వీరన్న కూతురు భార్గవి భద్రాచలం దవాఖానాలో స్పృహ లేకుండా పడి ఉంది. ఆ ఉదయం తండాకు పోయే బాటలో ఒక పాత చేట, అందులో అరిగిన చీపురు, కుండ పెంకు, కోడి ఈకలు కనిపించాయి. పెట్టింది దేవె అని చూసినవాళ్లు చెప్పారు. అంతకుమించిన రుజువు ఎవరికీ అవసరం లేకపోయింది.

నేను బడిలో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. అడ్డం వెళ్లి, ఇది మలేరియా, దోమకాటు వల్ల వస్తుంది అని మొదలుపెట్టాను.

"సారూ, దోమ పాఠం బడిలనే విన్నం. పక్కకు జరుగు" అన్నాడు వీరన్న.

బిడ్డ ప్రాణం మీదికి వచ్చినవాడికి పాఠం ఎక్కదు. వీరన్న పటకారు దేవె పెదవుల దాకా వచ్చింది.

"ఆగురా వీరా!"

జనాన్ని మోచేతులతో తోసుకుంటూ చాంది వచ్చింది. తండాలో అందరికంటే పెద్దది, కూలి సంఘం నాయకుడు లచ్చిరాంకు తల్లి. వచ్చీ రాగానే చేట ముందు గొంతుక్కూర్చుంది.

"ముట్టకే పెద్దమ్మా, చస్తవ్!" అన్నాడు వీరన్న.

"చచ్చే వయసే గదరా. ముట్టనియ్యి."

చేటను కుదిపి చూసింది. చీపురు తిప్పి చూసింది.

"బొమ్మ లేదు, వెంట్రుకల్లేవు. గిది చేతబడా? గిది సాగనంపుడు. రోగాన్ని చేటల కూసోబెట్టి పొలిమేర దాటిస్తరు. గత్తర, గదే కలరా, వచ్చిన యేడు మా అత్త గూడ గిట్లనే చేసింది. చేట మోసింది నేనే."

"మోసి యాడ దించినవ్?" కాలనీ నుంచి వచ్చిన విశ్రాంతమ్మ అడిగింది. చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. ఆమె గొంతు ఎంత దూరమైనా వినిపిస్తుంది.

చాంది తడుముకుంది. "మీ కాలనీ దిక్కే."

"ఓసి నీ చేతులిరగ! మా నాయిన గత్తరకే పోయిండు గదనే!"

కొందరు నవ్వారు. విశ్రాంతమ్మ నవ్వలేదు. తగ్గిన గొంతుతో, "మావోళ్లు మాత్రం తక్కువ తిన్నరా. బాప్తిస్మం తీసుకోకముందు అవతలూరి దిక్కు పెట్టొచ్చేటోళ్లంట" అంది.

అంటే ప్రతి ఊరూ తన రోగాన్ని పక్క ఊరి గడపలో దించి వచ్చింది. చేటలో ఎక్కించి పంపితే రోగం పోతుందని నేను నమ్మను. అలా పోయినట్టు ఆధారమేదీ నాకు కనబడలేదు. దోమకు పొలిమేరలు తెలియవు. అయినా నా పాఠం చేయలేని పని చాంది మాట చేసింది. యువకుల పట్టు సడలింది. దేవె చేతులు ఆమెకు తిరిగి వచ్చాయి.

ఆమె తమ్ముడు జోగకు కొంచెం తెలుగు వచ్చు. "మా ఊర్ల వాగు దాటితే మనుషులుండరు. ఆడ పెడతం. ఈడ గూడ దాటి పెట్టినం. ఆ బాట ఎవరిదీ కాదనుకున్నం" అన్నాడు.

వచ్చినవాళ్లకు తెలియని సంగతి అదే. ఇక్కడ ఎవరిదీ కాని చోటంటూ లేదు.

"మరి నా బిడ్డ సంగతేంది?" అన్నాడు వీరన్న. అతను పటకారు జేబులో పెట్టుకున్నాడు, పారేయలేదు.

అప్పుడే ట్రాక్టరు వచ్చింది. ఇద్దరు పోలీసులతో పగిడయ్య దిగాడు. చుట్టుపక్కల మిరప తోటలన్నిటికీ కూలీలను తెచ్చే కాంట్రాక్టరు ఆయనే.

"ఏంది గొడవ? నా కూలోళ్ల మీద చెయ్యేస్తరా? జోగా, అందరు ట్రాలీ ఎక్కున్రి. నా షెడ్లకు పోదాం. కంచె ఉన్నది, గేటున్నది, తాళమున్నది. ఎవడు ముట్టడు మిమ్ముల."

"తాళం లోపలుంటదా, బయటుంటదా?" జనంలోంచి లచ్చిరాం అడిగాడు.

పగిడయ్య నవ్వాడు. "నీకేం బాధ లచ్చిరాం? నువ్వు పని బంద్ పెట్టిస్తె నా పంట ఏరింది వీళ్లే గద. వీళ్లను తీస్కపోతె నీకే మంచిది."

అది లచ్చిరాంకు తగిలింది. జోగ వైపు తిరిగాడు.

"మేమంత ఒక్కటై పని ఆపితె, సగం కూలికి మీరు దిగిన్రు. మా నోట్లె మట్టి కొట్టిన్రు."

"పని ఆపిన్రని మాకెవరు చెప్పిన్రు?" జోగ గొంతు మొదటిసారి లేచింది. "పగిడయ్య వచ్చి పిలిచిండు, పోయినం. నువ్వు ఒక్కనాడన్న మా గుడిసెల దిక్కు వచ్చినవా? సగం కూలి అని గూడ ఇప్పుడు నీ నోట్లెనే వింటున్న."

సంఘం మీటింగులన్నీ వాగుకు ఇవతలే జరిగాయి. ప్రపంచ కార్మికుల ఐక్యత గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాం; మోకాలి లోతు నీళ్లు దాటి అవతలికి పోవాలని ఒక్కరికీ తోచలేదు.

"నాకొకటి చెప్పున్రి" అంది విశ్రాంతమ్మ. "పొద్దుగాల చేట సంగతి ఇల్లిల్లు తిరిగి చెప్పిందెవరు? ఈయన ట్రాక్టర్ డ్రైవరే గద?"

"అవ్" అన్నాడు వీరన్న నెమ్మదిగా. "పటకారు తెచ్చుకో అన్నది గూడ వాడే."

జనం ఒక్కసారిగా పగిడయ్య వైపు తిరిగారు. భయపడినవాళ్లు తరుముతారు, తరమబడినవాళ్లు కంచెలోకి పోతారు: ఆయనకు కావలసింది అదే. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"మాటలు బంద్! ఎక్కుతరా, ఫారెస్టోళ్లను పిలిచి గుడిసెలు పీకియ్యాల్నా?"

దేవె తన భాషలో ఏదో అని, లేవబోయినది మళ్లీ మట్టిలోనే కూర్చుంది.

"ఏమంటున్నదిరా?" చాంది అడిగింది.

"పోనంటున్నది. ఆడ ఇల్లు కాల్చిన్రు, పారిపోయొచ్చినం. ఈడ తాళమేస్తే యాడికి పారిపోవాలె అంటున్నది."

చాంది ఆమె పక్కన కూర్చుంది. "జరగవే, నాకింత జాగియ్యి" అంటూ విశ్రాంతమ్మ కూలబడింది. తర్వాత తండా ఆడవాళ్లు, కాలనీ ఆడవాళ్లు కూర్చున్నారు. మగవాళ్లు కొంచెం ఆలస్యంగా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ట్రాక్టరు కదలడానికి దారి లేకపోయింది.

పోలీసులు లచ్చిరాంనూ జోగనూ రెక్క పట్టి లేపారు. ఒకే సంకెల చెరో చేతికి వేశారు. పళ్లు పీకబోయినవాళ్ల మీద కేసు లేదా అని అడిగాను. "మీరు పెద్దోళ్లు సార్, ఇంటికి పోండి" అన్నాడు ఒకడు.

లచ్చిరాం తల తిప్పి అరిచాడు: "అమ్మా! పగిడయ్య రేపు బార్డర్ అవతల నుంచి కొత్త కూలోళ్లను తెస్తడు. వాడు వాళ్లతోని మాట్లాడకముందే మనం మాట్లాడాలె!"

ట్రాక్టరు ఖాళీ ట్రాలీతోనే తిరిగిపోయింది. ఆ సాయంత్రం దీవెన అనే నర్సును తీసుకుని మొదటిసారి వాగు దాటాను. గుడిసెగుడిసెకూ తిరిగి మలేరియా పరీక్షకు రక్తపు చుక్కలు సేకరించాం. వీరన్న భద్రాచలం బస్సు ఎక్కాడు. భార్గవికి ఇంకా తెలివి రాలేదు.

మర్నాడు తెల్లవారుజామున తోటల్లోకి ఎవరూ పోలేదు. అందరం సరిహద్దు నుంచి వచ్చే రోడ్డు మీద నిలబడ్డాం. పొద్దు పొడుస్తుండగా టార్పాలిన్ కప్పిన లారీ వచ్చి మా ముందు ఆగింది. డ్రైవరు హారన్ మోగించాడు, తిట్టాడు, ఇంజన్ రేజ్ చేశాడు. చాందీ విశ్రాంతమ్మా బంపరుకు చేతులు ఆనించి కదలకుండా నిలిచారు.

దేవె వెనక చక్రం మీదికెక్కి టార్పాలిన్ పైకెత్తింది. లోపల చీకట్లో కొత్త కూలీల ముఖాలు. ఆమె తమ భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. హారన్ మీదుగా, అలిసిపోకుండా, చాలాసేపు మాట్లాడింది. లోపల నుంచి ఎవరో ఏదో అడిగారు. ఆమె జవాబిచ్చింది. ఇంకెవరో అడిగారు.

తర్వాత పసిపిల్లను చంకనెత్తుకున్న ఒక స్త్రీ దిగడానికి లారీ అంచు మీద కాలు పెట్టింది. విశ్రాంతమ్మ బంపరు వదిలి, పిల్లను అందుకోవడానికి చేతులు చాస్తూ వెనక్కి పరుగెత్తింది.