పిచ్చుక బొంత

బొంత మిషన్‌కి ఏదో రోగం పట్టుకుందని ఆవిడ ఆ వీధిలో చెప్పని మనిషి లేడు. పాలు పోసే ఆయనకు చెప్పింది, ఎదురింటి టైలరుకు చెప్పింది, ఆఖరికి దారి అడగడానికి తలుపు తట్టిన ముక్కూమొహం తెలియని మనిషిని కూడా నిలబెట్టి మరీ చెప్పింది. మొన్నటిదాకా గుర్రంలా పరిగెత్తేదట, ఇప్పుడు కాళ్ళీడుస్తోందట. విన్నవాళ్ళు అయ్యో పాపం అని ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఇనప వస్తువు, పాతబడితే నెమ్మదించదా, దానికింత రాద్ధాంతం దేనికని లోపల అనుకునే ఉంటారు. అనుకోనీండి, వాళ్ళదేం పోయింది.

అది బల్ల మీద పెట్టుకుని కుట్టే మామూలు మిషన్ కాదు. ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక ఇనప చట్రం, దాని మీద రోలర్లకు చుట్టి బిగించిన బొంత, ఆ పైన పట్టాల మీద చిన్న చక్రాలతో అటూ ఇటూ తిరిగే పొడుగు మెడ మిషన్. మామూలు మిషన్ దగ్గర గుడ్డ కదులుతుంది. ఇక్కడ గుడ్డ కదలదు, మిషనే కదులుతుంది. రెండు పిడులూ పట్టుకుని ఆవిడ దాన్ని నడిపిస్తూ పోతే పైగుడ్డ, దూది పొర, అడుగుగుడ్డ మూడూ కలిసి కుట్టుపడిపోతాయి. ఏళ్ళ తరబడి అదే పని చేసి చేసి ఆవిడకు బొంతలమ్మ అని పేరు పడిపోయింది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తుందో లేదో అనుమానమే.

ప్రస్తుతం చట్రం మీద ఉన్నది కూతురి బొంత. కూతురి కోసం కుట్టేది కాదు, కూతురి బట్టలతో కుట్టేది. చలికాలంలో జ్వరమని ఆస్పత్రికి వెళ్ళిన పిల్ల మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. మిగిలింది ఒక బీరువా నిండా బట్టలు, ఆమె కన్న ఒక కూతురు. ఆ కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. పిచ్చుక వాళ్ళమ్మ నైటీ ఒకటి కౌగిలించుకుంటే గానీ నిద్రపోయేది కాదు. ఆ నైటీ కాస్తా పీలికలవుతుంటే బొంతలమ్మ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నచ్చజెప్పింది. అమ్మ బట్టలన్నీ కలిపి బొంత కుట్టేస్తాను, ఎక్కడికెళ్ళినా కప్పుకుని పడుకోవచ్చు అంది. పిల్ల చాలాసేపు ఆలోచించి నైటీ ఇచ్చింది. ఆవిడ దాన్నీ కోసి ముక్కల్లో కలిపేసింది.

ఎక్కడికెళ్ళినా అన్నది నోరు జారి అన్న మాట కాదు. అల్లుడికి వేరే ఊరు బదిలీ అయింది. అక్కడ అతని తల్లి ఉంది, పిల్లను చూసుకుంటుంది. అతను మంచివాడు, పెద్దగా నోరెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. భార్య పోయాక ఈ ఇంట్లో ఏ మూల చూసినా అతనికి ఊపిరాడటం లేదు, అయినా అత్తగారి మొహం చూసి రోజులు నెట్టుకొస్తున్నాడు. బొంత అయ్యాకే వెళ్తాం అత్తయ్యా, తొందరేం లేదు అన్నాడు. అంటే బొంత అయిన మర్నాడు పిల్ల ఈ ఇంట్లో ఉండదు.

ఇక మిషన్ సంగతి. ఆవిడ దానికి చేయని వైద్యం లేదు. సూది కింద ఉండే షటిల్ ఊడదీసి బ్రష్షుతో దూది నూగంతా దులిపింది. నూనె చుక్కలు వేసింది. సూది మార్చింది, దారం మార్చింది, పట్టాలు గుడ్డ పెట్టి అద్దంలా తుడిచింది. అడుగు దారం చుట్టే బాబిన్ నాలుగుసార్లు తీసి పెట్టింది. దాన్ని బతిమాలింది, తిట్టింది, ఒకసారి అరచేత్తో చట్రం మీద చరిచింది కూడా. ఊహూఁ, నత్తనడకే. రోజంతా నిలబడి కుడితే జానెడు బొంత ముందుకు జరిగితే గొప్ప. తల ప్రాణం తోకకొచ్చి, ఇక తన వల్ల కాదని మెకానిక్‌కి కబురు పెట్టింది.

మెకానిక్‌ది వీధి చివర రిపేరు కొట్టు. మిషన్‌కి చెవి ఆనించి వింటే గానీ పని మొదలుపెట్టడు కాబట్టి అందరూ అతన్ని చెవుల డాక్టరు అంటారు. వచ్చాడు, చెవి ఆనించాడు, పెదవి విరిచాడు. ముందు స్పీడు మీట చూశాడు. అది ఉండాల్సిన చోటే ఉంది. తర్వాత పట్టా మీద దొర్లే బుల్లి చక్రం చూశాడు. ఆ చక్రానిదే అసలు పెత్తనం. చెయ్యి ఎంత జోరుగా కదులుతోందో అది మోటారుకు చెబుతుంది. చెయ్యి పరిగెత్తితే సూదీ పరిగెత్తుతుంది, చెయ్యి నెమ్మదిస్తే సూదీ నెమ్మదిస్తుంది, కుట్లన్నీ ఒకే పొడవున పడేది అందుకే. దానికి దారం చుట్టుకుని ఉంటుందని అతని అనుమానం. ఒక్క పోగు లేదు. బెల్టు తీసి సాగదీసి చూసి మళ్ళీ తగిలించాడు. బెల్టు బంగారంలా ఉంది.

అప్పుడతను తనే పిడులు పట్టుకుని, బొంత పక్కన వదిలిన ఉత్త గుడ్డ మీద నడిపాడు. మిషన్ టకటకమని దూసుకుపోయింది. నువ్వంటే భయంలే దానికి అంది బొంతలమ్మ. అతను నవ్వి, నువ్వు పట్టుకో అక్కా అన్నాడు. ఆవిడ పట్టుకుంది. ఉత్త గుడ్డ మీద ఆవిడ చేతిలోనూ అంతే జోరు. డాక్టరు గుమ్మంలో అడుగుపెడితే సగం జబ్బు పోతుందంటారే, అలాగే ఉందని ఆవిడ మురిసిపోయింది.

అలాగే బొంత మీదికి రమ్మన్నాడు మెకానిక్.

వచ్చింది. మొదటి ముక్క కూతురు బడికి వేసుకెళ్ళిన నీలం గౌనుది. మిషన్ చప్పుడు తగ్గింది. రెండోది మొదటి జీతంతో కొనుక్కున్న చొక్కాది, ఆకుపచ్చది. చప్పుడు ఇంకా తగ్గింది, కుట్టు కుట్టుకూ విడివిడిగా వినపడేంత. మూడోది నెలలు నిండినప్పుడు వేసుకు తిరిగిన వదులు గౌనుది. అక్కడ సూది ఆగింది. మోటారుకు కరెంటుంది, దీపం వెలుగుతోంది, సూది మాత్రం గుడ్డ మీద గాలిలో నిలబడిపోయింది. మెకానిక్ చెయ్యి చాచి స్విచ్ ఆపేశాడు.

"అక్కా, మిషన్‌కేం లేదు. నీ చెయ్యే నడవట్లేదు."

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. పనిరాక వంకలు చెబుతున్నావంది, ఇన్నేళ్ళ అనుభవం ఉన్న చేతికి పేరు పెడతావా అంది, ఇంకా చాలా అంది. అతను స్క్రూలు డబ్బాలో వేసుకుంటున్నాడు. అనాల్సినవన్నీ అయిపోయాక ఆవిడ తన చేతులకేసి చూసుకుంది. అలాగే నేల మీద కూలబడింది. అక్కణ్ణుంచే తలెత్తి అడిగింది.

"తమ్ముడూ, ఏదో పార్టు పోయిందని మా అల్లుడికి చెప్పు. తెప్పించడానికి చాన్నాళ్ళు పడుతుందని చెప్పు."

"ఆ అబ్బాయి మొహం చూసి అబద్ధం చెప్పమంటావా?"

"నా కూతుర్ని పంపేశాను. ఇప్పుడు పిచ్చుకను కూడా పంపడానికి నాకు చేతులు రావట్లేదురా."

మెకానిక్ నిక్షేపంలాంటి బెల్టు ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. పక్కగదిలో సామాన్లు సర్దుతున్న అల్లుడి దగ్గరికెళ్ళి, నేల చూపులు చూస్తూ, బెల్టు పోయింది, దొరకడం కష్టం, నెల పట్టినా పట్టొచ్చు అని గొణిగి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అల్లుడు సర్దుతున్న పెట్టె మూసేశాడు. సరే, ఆఫీసుకెళ్ళి ఇంకొన్నాళ్ళు గడువు అడిగి వస్తానని బయల్దేరాడు.

బొంతలమ్మకు గుండెల మీంచి బండ దించినట్టయింది. నెల రోజులు! నెలలో ఎన్ని జరగవు. బదిలీ ఆగిపోవచ్చు, అల్లుడి మనసు మారొచ్చు. వంటింట్లోకెళ్ళి పిచ్చుకకు ఇష్టమని పాలల్లో ఇంకో చెంచా చక్కెర వేసి, గ్లాసు పట్టుకుని పిల్లను కేకేసింది. పలకలేదు. పడకగదిలో లేదు, పెరట్లో లేదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి చివరికి ముందుగదికొచ్చింది.

పిచ్చుక చట్రం కింద కూర్చుని ఉంది. ఇంకా కుట్టాల్సిన పైగుడ్డ చట్రం అంచు నుంచి నేల దాకా వేలాడుతోంది. పిల్ల ఆ వేలాడే ముక్కల్లో వెతికి వెతికి నైటీ ముక్క పట్టుకుంది. దాన్ని చెంపకు ఆనించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిద్రపోవడానికి ప్రయత్నిస్తోంది. కళ్ళ కింద నల్లటి చారలు. ఆ చారలు ఇంతకు ముందూ ఉండే ఉంటాయి. మిషన్‌కి చక్రం చక్రం తుడిచిన మనిషి, పక్కలో పడుకునే పిల్ల మొహం చూడలేదు.

అడుగుల చప్పుడికి పిల్ల ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లాగట్లేదు అమ్మమ్మా. ఊరికే పట్టుకున్నానంతే."

ఆవిడ గ్లాసు కింద పెట్టి చట్రం కిందికి దూరింది. పిల్ల ఆవిడ కొంగులో మొహం దాచుకుని అడిగింది.

"బెల్టు వచ్చేదాకా అమ్మని ఇక్కడే కట్టేసి ఉంచుతావా?"

ఆవిడ ఇదంతా తన బిడ్డ మీద ప్రేమ అనుకుంది ఇన్నాళ్ళూ. ప్రేమే, కాదనలేం. కానీ ఆ ప్రేమతోనే ఇంత పిల్ల చేతిలోంచి నైటీ లాక్కుని, బదులుగా ఏమీ ఇవ్వకుండా, రోజుల తరబడి నిద్ర లేకుండా చేసింది. తను కూతుర్ని పోగొట్టుకుంటే, ఈ పిల్ల తల్లినే పోగొట్టుకుంది. అది ఇప్పటిదాకా ఆవిడ బుర్రకు ఎక్కలేదు.

లేచి చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరికి వెళ్ళింది. మెకానిక్ ఆవిణ్ణి చూడగానే జేబులోంచి బెల్టు తీసి వెంట నడిచాడు. తగిలించి, నూనె చేతులు తుడుచుకుని, ఆవిడ కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయాడు.

బొంతలమ్మ పిడులు పట్టుకుంది. నీలం ముక్క మీద చెయ్యి తడబడింది. పళ్ళ బిగువున ముందుకు తోసింది. పిచ్చుక పక్కనే స్టూలెక్కి నిలబడి, ఇది అమ్మ ఎప్పుడు వేసుకుంది, అది ఎప్పుడు వేసుకుంది అని అడుగుతోంటే చెబుతూ కుట్టింది. వదులు గౌను ముక్క దగ్గర, ఇందులో నువ్వు కూడా ఉన్నావే అంది. పిల్ల నవ్వింది. ఆ నవ్వు అచ్చం కూతురిదే. ఆవిడ కళ్ళకు గుడ్డ కనపడలేదు, అయినా చెయ్యి ఆపలేదు. మిషన్ గదంతా అదిరేలా పరిగెత్తింది. బిడ్డను మళ్ళీ ఒకసారి సాగనంపినట్టే ఏడ్చింది. ఏడుస్తూనే ఆఖరి వరస దాటింది, బొంతను రోలర్ల నుంచి విప్పి అంచులు మడిచి కుట్టింది.

పిచ్చుక బొంత కప్పుకుని అక్కడే చాప మీద ఒరిగింది. నైటీ ముక్క ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుంది. ఇంకో మాట లేకుండా నిద్రపోయింది, నోరు తెరుచుకుని, ఒళ్ళు తెలియకుండా. ఆవిడ పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం అల్లుడొచ్చాడు. గడువు దొరికిందని చెప్పబోతూ, ఖాళీ చట్రాన్ని, కింద పిల్లను చూసి ఆగిపోయాడు. బెల్టు పోలేదని, అబద్ధం తనే చెప్పించానని ఆవిడ దాచకుండా చెప్పేసింది. అల్లుడికి కోపం రాలేదు. వచ్చి పిల్ల తల దగ్గర కూర్చుని బొంత మీది ఆకుపచ్చ ముక్కను వేలితో రాశాడు.

"నెల గడువిచ్చారు కదా అత్తయ్యా. ఉండే వెళ్తాం."

ఆవిడ కోరుకున్నది అదే. అవునని ఒక్క తల ఊపితే చాలు. పిల్ల మొహం చూసింది, ఊపిరి బిగబట్టుకు కూర్చున్న అల్లుడి మొహం చూసింది.

"వద్దు బాబూ, రేపే బయల్దేరండి. ఇంకా ఉన్నారంటే నేను ఇంకో బొంత మొదలెడతాను."