కృతజ్ఞతా కూడిక

"ఈ ఫోటో నీకెవరు తీశారే?" అని అత్తయ్య అడిగేసరికి నేను బిర్యానీకి ఉల్లిపాయలు తరుగుతున్నాను.

అజ్మాన్‌లో మా రెండు గదుల ఫ్లాటుకి ఆ సాయంత్రం ముప్పై మంది వస్తారు. స్వీడన్‌లో నా చదువు సగం పూర్తిచేసుకుని సెలవులకి క్షేమంగా వచ్చినందుకు మావారు విల్సన్ కృతజ్ఞతా కూడిక పెట్టించాడు. ఎవరి కోసం కూడిక పెట్టారో ఆ మనిషే ఉల్లిపాయలు తరగడం మా ఇంట్లో వింతేమీ కాదు. అత్తయ్య టేబుల్ దగ్గర కూర్చుని వెల్లుల్లి వలుస్తూ, మధ్యమధ్యలో చేతులు తుడుచుకుని నేను ప్రింట్లు వేయించి తెచ్చిన ఫోటోలు తిరగేస్తోంది. ఇప్పుడామె చేతిలో ఉన్నది ప్రాగ్ నగరంలోది. రాతి వంతెన, కింద నది, నల్లకోటులో నేను.

"నేనే తీసుకున్నానత్తయ్యా."

"చేతులు రెండూ కోటు జేబుల్లోనే ఉన్నాయి గదే?"

"కెమెరా గోడ మీద పెట్టి మీట నొక్కి వచ్చి నిలబడితే చాలు. కాసేపాగి అదే తీసుద్ది."

"అదే తీసుద్దా!" ఆమె ఫోటోని కిటికీ వెలుగులోకి పట్టి, నా వెనకా పక్కనా ఇంకెవరిదైనా నీడ పడిందేమోనని వెతికింది. ఏమీ కనపడలేదు. "ఎదురుగా ఎవరూ లేకుండానే అంత నవ్వు దేనికి నవ్వేవమ్మా మరి?"

నా దగ్గర జవాబు ఉంది గానీ, వెల్లుల్లి వలిచేలోపు చెప్పగలిగేది కాదు.

అది క్రిస్మస్ రోజు. పండక్కి ఇంటికి రాగలిగి కూడా నేను రాలేదు. పెళ్ళయిన దగ్గరనుంచి నా క్రిస్మస్‌లన్నీ ఒకటే. తెల్లారకముందే లేవడం, కేకులు, వేటమాంసం, ఆసుపత్రిలో డ్యూటీ పడితే అది ముగించుకొచ్చి మళ్ళీ వంటగది, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన చల్లటి అన్నం. ఆ రోజు ప్రాగ్‌లో ఒక పాత చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని, ఒక్క ముక్క అర్థంకాని ప్రసంగం మొత్తం విన్నాను. బయటికొచ్చాక ఆకలేసింది. ఆకలేసిందని తెలియగానే తిన్నాను. గిన్నెడు పొగలు కక్కే సూపు, రొట్టె. బిడ్డల వార్డులో నర్సుగా నేను ఎంతమంది పసివాళ్ళకో వేళ తప్పకుండా పాలు పట్టాను. నా ఆకలికి వేళ పాటించిన మొదటి పండగ అది. తర్వాత వంతెన మీదికి నడిచాను. ఎటు తిరగాలో ఎవరినీ అడగలేదు. ఎప్పుడొస్తావని ఎవరూ అడగలేదు. ఆ నవ్వు అప్పటిది.

అలాగని అక్కడికి వెళ్ళగానే నేనేమీ మారిపోలేదు. గోథెన్‌బర్గ్‌లో విద్యార్థుల భవనంలో ఎనిమిది మందికి ఒకే వంటగది. వెళ్ళిన మొదటి వారం, పొద్దున్నే సింకులో ఎవరి గిన్నెలున్నా కడిగేసేదాన్ని. ఎవరూ చెప్పలేదు. నా చేతులు ఆగేవి కావు, అంతే. అయిదోరోజు పోలండు పిల్ల అగ్నేష్కా తన మూకుడు పట్టుకుని నా గదికి వచ్చింది. "నేను కడుక్కోలేనని అనుకుంటున్నావా? నాకు చాలా సిగ్గుగా ఉంది. దయచేసి ఇంకెప్పుడూ ముట్టుకోవద్దు" అంది. ఆమె వెళ్ళాక మంచం మీద కూర్చుని ఎంతసేపో ఆలోచించాను. మా ఇంట్లో తన కంచం నేను కడుగుతున్నందుకు సిగ్గుపడినవాళ్ళు ఒక్కరూ గుర్తురాలేదు. ఆ సాయంత్రమే ఆరడుగుల ఫిన్లాండ్ మనిషి ఒకాయన స్టవ్వు తుడుస్తూ ఈల వేసుకోవడం చూశాను. నా వయసు నలభై దాటింది. మగవాడు స్టవ్వు తుడుస్తుంటే లోకం ఆగిపోదని తెలుసుకోవడానికి నేను అంత ఉత్తరానికి వెళ్ళాల్సివచ్చింది.

విల్సన్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, ఆదివారం నాడు నన్ను ఆసుపత్రి దగ్గర దింపుతాడు. నా వీసా మీదే ఇక్కడికి వచ్చాడు. నర్సు కాబట్టి నేను కుటుంబాన్ని తెచ్చుకోగలిగాను. తర్వాత అతనికి ఏసీ విడిభాగాల షాపులో పని దొరికింది. ఇప్పటికీ అతని పాస్‌పోర్టులో వీసా పేజీ మీద స్పాన్సరుగా నా పేరే ఉంటుంది. ఆ పేజీ ఎవరికీ చూపించడు. దానికి బదులుగా కావచ్చు, మాటల్లో మాత్రం అన్నీ అతనే చేస్తాడు. "కుమారి నైట్ డ్యూటీలకి నేనొప్పుకున్నాను", "కుమారికి డ్రైవింగు నేను నేర్పించాను". స్వీడన్‌లో ఫీజులేని చదువుందని కంప్యూటరులో వెతికిందీ, రాసిందీ, ఆసుపత్రిలో జీతంలేని ఏడాది సెలవు సాధించిందీ నేను. ఊళ్ళో తెలిసిందేమిటంటే, "విల్సన్ పెళ్ళాన్ని యూరప్ పంపించాడు."

ఈ దేశం బయట ఆరు నెలలు దాటితే నా వీసా పోతుంది. నాతోపాటే అతనిదీ, మా అమ్మాయి షర్మిలదీ పోతాయి. అందుకే రెండో టర్ము మొదలయ్యేలోగా, ఈ జనవరిలో, ఒకసారి వచ్చాను. ఆదివారం తిరిగి వెళ్ళాలి.

నిన్న సాయంత్రం విల్సన్ టీవీ చూస్తూ అన్నాడు. "ఊళ్ళన్నీ చూసేసేవు గదా. ఇంక ఏటుంది అక్కడ? ఖలాస్ చెయ్యి. పిల్లకి టెన్త్ పరీక్షలు. అమ్మ ఎంతకని చేసుద్ది?"

"చదువింకా సగముందండీ. వెళ్తాను" అన్నాను.

"ఆలోచించు" అన్నాడు.

"ఆలోచించాకే చెబుతున్నాను."

అతను సౌండు పెంచాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఉల్లిపాయలు వేయించడానికి నిలబడేసరికి షర్మిల వచ్చి నా చేతిలోంచి గరిటె తీసుకుంది. మూకుడులో నూనె కాగిందో లేదో వేలు తడిచేసి నీటిబొట్టు విసిరి చూసింది. ఆ తీరు నాకు కొత్త. నేను వెళ్ళేటప్పటికి ఆ పిల్లకి ఆమ్లెట్ తప్ప ఏమీ రాదు.

"నానమ్మ వండట్లేదా?"

"నానమ్మకి కాళ్ళ నొప్పులు. డాడీకి మధ్యాహ్నం వేడన్నం కావాలి." ఉల్లిపాయలు కలుపుతూ, నావైపు చూడకుండా, "నువ్వు ఉండిపోతే నాకు హాయే మమ్మీ" అంది. నేనేదో అనబోయాను. "కానీ ఉండిపోకు. రేపు నేనెక్కడికైనా వెళ్తానంటే, మీ అమ్మే వచ్చేసింది గదా అని డాడీ అంటారు."

నేను గరిటె వెనక్కి తీసుకున్నాను. "పోయి చదువుకో. నేనున్నన్నాళ్ళూ ఇటు రాకు" అన్నాను. అలా అన్నాక, నేను లేనప్పటి మాటేమిటని నన్ను నేనే అడుక్కున్నాను.

ఏడింటికల్లా అందరూ వచ్చారు. హాల్లో తివాచీ మీద మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. కింది ఫ్లాటువాళ్ళకి వినపడకుండా మెల్లగా పాటలు, చప్పుడు రాకుండా తొడల మీద చప్పట్లు. దయారత్నంగారు మా చిన్న సంఘానికి పెద్ద, పగలు ఒక గోడౌనులో లెక్కలు రాస్తారు. ఆయన క్లుప్తంగా వాక్యం చెప్పి, "మన తమ్ముడు విల్సన్ సాక్ష్యం చెబుతారు" అన్నారు.

విల్సన్ లేచాడు. ఇస్త్రీ చొక్కా. అది ఇస్త్రీ చేసింది నేనే.

"దేవునికి స్తోత్రం. నా భార్యని నేను పై చదువుకి యూరప్ పంపించాను. చాలామంది వద్దన్నారు. అయినా విశ్వాసంతో పంపించాను. ప్రభువు క్షేమంగా తిరిగి తీసుకొచ్చాడు. ఈ మధ్య ప్రార్థనలో దేవుడు నాకొక సంగతి బయలుపరిచాడు. చదువు కంటే కుటుంబం ముఖ్యమని. అందుకని కుమారి ఇంక వెళ్ళదు. ఇక్కడే డ్యూటీలో చేరుద్ది."

"స్తోత్రం, స్తోత్రం" అంది గది. అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. నా పక్కన కూర్చున్న రేచెల్, మా వార్డులోనే నర్సు, నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

నాతో టీవీ ముందు ఓడిపోయిన మాటని అతను దేవుడి నోట పెట్టాడు. భర్తతో అయితే వాదించవచ్చు. బయలుపాటుతో ఎవరు వాదిస్తారు? కాదంటే విశ్వాసం లేనిదాన్ని. ఊరుకుంటే ముప్పై మంది సాక్షులు. ఇంత తెలివి ఇతనికి ఎప్పుడొచ్చిందా అని ఒక క్షణం ముచ్చటేసింది కూడా. కోపం రాకపోవడం నాకే ఆశ్చర్యమైంది. పసిబిడ్డ ఊపిరి తడబడినప్పుడు చేతులకి ఎక్కడి నిదానమో వస్తుంది, అలాంటి నిదానమే వచ్చింది.

దయారత్నంగారు పుస్తకం మూసి, "ప్రార్థన అవసరతలేమైనా ఉంటే చెప్పండి" అన్నారు. మా కూడికలో అదొక నియమం. ఎవరు ఏ అవసరత చెప్పినా ఆయన దాన్ని పేరుపెట్టి ప్రార్థించాలి. కాదనడానికి లేదు. ఒకరు తల్లి ఆపరేషన్ గురించి చెప్పారు. ఒకరు తన కఫీల్, అంటే స్పాన్సరు, వీసా మార్చడం లేదన్నారు.

నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, ఆదివారం పొద్దున్న నా ప్రయాణం. తిరిగి స్వీడన్ వెళ్తున్నాను. ప్రయాణం కోసం, జూన్‌లో నా పరీక్షల కోసం ప్రార్థన చెయ్యండి."

తలలన్నీ నావైపు తిరిగాయి. దయారత్నంగారు విల్సన్‌కేసి చూశారు. "ఇందాక తమ్ముడు మరి... బయలుపాటు అన్నారు గదమ్మా?"

"నాతో చెప్పాల్సింది దేవుడు నాతోనే చెబుతాడు గదండీ. ఇంకా రెండున్నాయి. షర్మిల పరీక్షలయ్యేదాకా ఆ పిల్లని ఎవరూ వంటగదిలోకి పిలవకుండా ఉండాలి. మావారికి అన్నం వండటం రావాలి."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక కొంగు చాటు నవ్వు, దాని వెనక ఇంకోటి.

"కుమారీ, కూర్చో" అన్నాడు విల్సన్, పళ్ళ మధ్యనుంచి.

"కూర్చుంటానండీ. అయ్యగారు ప్రార్థన చేశాక."

"అన్నానికి ప్రార్థనేంటే, విజిలు లెక్కెడితే సరిపోద్ది!" అంది అత్తయ్య. అందరూ ఘొల్లుమన్నారు. తనేమందో అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

దయారత్నంగారు చాలాసేపు గడ్డం సవరించుకున్నారు. ఆయన నియమం తెలిసిన మనిషి. కళ్ళు మూసుకున్నారు. తల్లి ఆపరేషన్ కోసం, వీసా కోసం ప్రార్థించి, "మా సహోదరి దయాకుమారి ప్రయాణాన్ని దీవించండి తండ్రీ. ఆమె చదువు సంపూర్ణం చెయ్యండి. బిడ్డకి చదువుకునే వేళనివ్వండి. మా తమ్ముడికి..." ఇక్కడ ఆయన చిన్నగా దగ్గారు, నవ్వో మరేమో, "...మా తమ్ముడికి వంట నేర్చుకునే మనసివ్వండి" అన్నారు.

ఎవరింట్లో కూడికైతే ఆ ఇంటి పెద్ద ముందుగా ఆమేన్ అనాలి. ఆ తర్వాతే మిగతా అందరూ. గది మొత్తం తలలు వంచుకుని విల్సన్ గొంతు కోసం ఆగింది. ఏసీ చప్పుడు వినిపిస్తోంది. విల్సన్ నోరు విప్పలేదు. అతను ఎంతసేపైనా అలాగే ఉండగలడని నాకు తెలుసు.

"ఆమేన్" అన్నాను.