ఫోల్కర్ట్ తెరలు మూసిన సాయంత్రం

ఫ్రీస్‌లాండ్‌లో సముద్రపు కరకట్టకు ఇవతల ఉన్న ఊరు హిస్కెది. దంతవైద్యులకు కట్టుడుపళ్లు చేసివ్వడం ఆమె పని. పగలంతా పళ్లు అరగదీసిన చేతులతోనే, చీకటి పడగానే పెరట్లోని చెక్కగది కప్పును చక్రాల మీద పక్కకు తోసి, టెలిస్కోప్‌ను ఆకాశానికి గురిపెట్టేది. కప్పు తోయడం ఎప్పుడూ సులువుగా ఉండేది కాదు. తోసిన ప్రతిసారీ మబ్బు వచ్చేది.

ఆమెకు కావలసింది ఒక్క గుర్రం. చలికాలపు ఆకాశంలో వేటగాడిలా కనిపించే చుక్కల గుంపు నడుముకట్టులో మూడు చుక్కలుంటాయి. వాటిలో ఎడమ చుక్క కింద ఎర్రటి మేఘం ఒకటి, దాని ముందు నల్లటి ధూళి అచ్చం గుర్రపుతలలా ఉంటుంది. కంటికి ఆనదు. కెమెరా గంటల తరబడి చూస్తూ, తీసిన ఫొటోలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటే తప్ప రూపం తేలదు. మొదటి చలికాలమంతా వాన మింగేసింది. రెండో చలికాలానికి దక్షిణాన, సరిగ్గా గుర్రం నిలబడే దిక్కున, ఫోల్కర్ట్ అద్దాల తోట లేచింది. లోపల టమాటాలు, వాటి పైన ఎండకు బదులు వరసలు వరసలుగా దీపాలు. సాయంత్రమయ్యేసరికి ఆకాశం నారింజ తొక్క రంగుకు తిరిగేది.

ఫోల్కర్ట్ ఆమెతో బడిలో చదువుకున్నవాడే. అందుకే మొహమాటం లేకుండా పోయి అడిగేది.

"ఏమ్మా, చుక్కలు లెక్కపెట్టడం అయిందా?" అనేవాడు కాఫీ పోస్తూ.

"నీ దయవల్ల లెక్కపెట్టడానికి ఒక్కటీ మిగల్లేదు. వెలుగు బయటికి పోకుండా పైన తెరలు మూస్తానని ఊరందరి ముందూ అన్నావుగా?"

"మూస్తూనే ఉన్నా. కాస్త సందు వదలకపోతే లోపల తడి పేరుకుపోతుంది. కాయలకు బూజు పడితే నువ్వు తింటావా?"

"సందా! నీ సందులోంచి పడవ పోతుంది."

ఇలా వారం వారం సాగింది. చివరికి జనవరిలో ఒకరోజు అతనే దిగివచ్చాడు. "మా అమ్మ పళ్లసెట్టు విరిగితే ఆదివారం కూడా కూర్చుని బాగుచేసిచ్చావు, దానికోసం. ఒక్క సాయంత్రం పూర్తిగా మూస్తా. లోపలి తేమ మీటరు నన్ను భయపెట్టేదాకానే, ఆ తర్వాత నువ్వు ఏడ్చినా తెరుస్తా."

మరి రెండు రోజులకు వాన వెలిసి, గాలి మబ్బులను ఊడ్చేసింది. చీకటి పడుతూనే హిస్కె ఫోన్ చేసింది. చూస్తుండగానే ఆ నారింజ వెలుగు సన్నబడి, గీతలా మారి, ఆరిపోయింది. ఆమె భర్త వీబె చేతిలో సూప్ చెంచాతోనే పెరట్లోకి వచ్చి నోరు తెరుచుకుని చూశాడు. "అబ్బ, మన ఊరికి ఇన్ని చుక్కలున్నాయా!"

మొదటి ఫొటోలోనే గుర్రం మెడ లీలగా కనిపించింది. ఇక కంప్యూటర్ దానంతట అదే తీసుకుంటూ పోతుంది. అంతలో ఫోల్కర్ట్ ఫోన్. "ఇక్కడ మీటరు ఎక్కుతోంది, నాకు చెమటలు పడుతున్నాయి. ఒక్కణ్నే దీన్ని చూస్తూ కూర్చోలేను, రా!" అతను అంత చేస్తుంటే పోకుండా ఎలా ఉంటుంది? గిన్నెలో బఠాణీ సూప్ పోసుకుని వెళ్లింది. ఇద్దరూ టమాటా మొక్కల మధ్య పెట్టెల మీద కూర్చుని, జబ్బు మనిషి మంచం పక్కన కూర్చున్నట్టు ఆ మీటరును చూస్తూ గడిపారు. అద్దాల నుంచి నీటి చుక్కలు మెడ మీద పడుతున్నప్పుడు, "ఇక నావల్ల కాదు" అని అతను తెరలు తెరిచాడు.

ఆమె పరుగున ఇంటికి వచ్చింది. కంప్యూటర్ తెర మీద మొదటి నాలుగు ఫొటోలు ముత్యాల్లా ఉన్నాయి. ఆ తర్వాతవన్నీ ఎవరో అద్దం మీద ఊదినట్టు తెల్లగా మసకబారిపోయాయి. టార్చి వేసి చూస్తే టెలిస్కోప్ అద్దం నిండా తేమ. తేమ పట్టకుండా దాన్ని వెచ్చగా ఉంచే పట్టీ తీగ నేలమీద పడి ఉంది. దాని ప్లగ్గు ఉండాల్సిన చోట వీబె కరెంటు సైకిల్ చార్జరు.

"వీబె!"

అతను చెప్పులీడ్చుకుంటూ వచ్చాడు. "ఏమైంది?"

"ఇది ఎవరు పెట్టారు?"

"రేపు ఎదురుగాలిలో పనికి పోవాలి కదా. ఇక్కడేదో చిన్న తీగ ఉంటే తీశా. పెద్దవాటి జోలికి పోలేదే!"

"చిన్న తీగా! ఇంట్లో ప్లగ్గులే లేవా నీకు?"

"తడి సైకిల్ లోపలికి తెస్తే కాళ్లు విరగ్గొడతానంది ఎవరు?"

అది తనే. అందుకే ఆమెకు కోపం రెట్టింపయింది. ఆ రాత్రి ఇద్దరూ ఒకరికొకరు వీపు తిప్పి పడుకున్నారు.

మర్నాడు ఫోల్కర్ట్ బొమ్మ చూడటానికి వచ్చాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను మిగిలిన ఆ నాలుగు ఫొటోల కేసి చాలాసేపు చూసి, "దీనికోసమా నేను చెమటలు కార్చింది?" అన్నాడు. నవ్వలేదు. వారం తిరిగేసరికి అతని తోటలో ఒక మూల ఆకుల మీద బూడిదరంగు బూజు కనిపించింది.

శనివారం హిస్కె పిలవకుండానే వెళ్లింది, వీబెను కూడా లాక్కుని. తను తిట్టిపోసే ఆ దీపాల కిందే వంగి, బూజు పట్టిన ఆకులన్నీ తుంచి సంచుల్లో వేసింది. నడుము పట్టేసి లేచి నిలబడినప్పుడు ఫోల్కర్టే అన్నాడు, "తూర్పుగాలి వస్తే చెప్పు. అది పొడిగాలి. అప్పుడైతే మూసినా ఇంత ముప్పు ఉండదు."

తూర్పుగాలి రాలేదు. ఫిబ్రవరి పొడవునా పడమటి గాలి, వాన. హిస్కె చెక్కగది కప్పు మీద నాచు పట్టింది.

మార్చి చివర ఎండ ముదిరి అతను దీపాలు ఆర్పేశాడు. అప్పటికి గుర్రం చీకటి పడగానే పడమటికి వాలిపోతోంది. దొరికిన కాసేపట్లోనే, ఈసారి ప్లగ్గు దగ్గర వీబెను కాపలా నిలబెట్టి, తీయగలిగినన్ని తీసింది. వాటిని జనవరి నాటి నాలుగింటితో కలిపి పేర్చింది. మెడ తేలింది, చెవి తేలింది. మూతి మాత్రం ఇసుక చల్లినట్టు గరుకుగా ఉండిపోయింది. ఎన్నిసార్లు సరిచేసినా అంతే.

తెరలు మూసినవాడికి ఇవ్వకపోతే బాగుండదని ఒక కాగితం మీద అచ్చు వేయించి ఇచ్చింది. అతను దాన్ని టమాటాలు పెట్టెల్లో సర్దే గదిలో గోడకు అంటించాడు, అదీ వంకరగా. పనివాళ్లు ఎవరైనా అడిగితే, "మా హిస్కె గుర్రం, పట్టుకోవడానికి చాలా ఖర్చయింది" అంటాడు.

ఆమె టమాటాలకు వెళ్లిన ప్రతిసారీ కళ్లు ముందు ఆ మూతి మీదికే పోతాయి. "తీసెయ్, ఫోల్కర్ట్. చూడలేకపోతున్నా."

"నువ్వు చూడకు," అంటాడు అతను, కాయలు తూస్తూ.