పాస్టరు గారి క్షవరం

బోర్గిల్డ్‌కు తండ్రంటే ఎంత ప్రాణమో, ఆయన పోయాక ఇంటి ముంగిట్లోని ఆల్మ్ చెట్టంటే అంత ప్రాణం. ముప్పై ఏళ్లుగా దాని మీద కత్తి పడనివ్వలేదు. నార్వేలో కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఆ సముద్రపు పాయ, ఆ ఫ్యోర్డు ఒడ్డున, పాత ఇళ్లన్నిటి ముందూ ఇలాంటి చెట్టొకటి ఉంటుంది. ఇంటిని కాసేది అదేనని పెద్దల నమ్మకం. క్రిస్మస్‌కు ఇంట్లో కాచిన బీరులో మొదటి గ్లాసు దాని మొదట్లో పోయాల్సిందే. "చెట్టు తాగాకే మనం" అనేది అమ్మ. సగం గ్లాసు చాల్లెమ్మని గొణిగేవాడు నాన్న. ఇప్పుడు బోర్గిల్డ్ నిండు గ్లాసే పోస్తోంది.

అంత చూసుకున్న చెట్టు, కంచే చేను మేసినట్టు, మొన్న చలికాలపు తుపానులో ఇంత లావు కొమ్మను పశువుల కొట్టం మీద పడేసింది. కప్పు పలకలు పిండి పిండి అయ్యాయి. ఆ ఇల్లు అక్కాతమ్ముళ్లిద్దరిదీ. అవతలి ఒడ్డునుంచి తమ్ముడు ఓడ్వార్ మర్నాడే కారుతో సహా పడవ దిగాడు.

"కొట్టించేద్దాం అక్కా. వేసవికి నా మనవలొచ్చి దీని కిందే ఆడతారు. ఈసారి ఎవరి నెత్తిన పడుతుందో!"

"కొట్టించిన రోజున నన్నూ దాని పక్కనే పడుకోబెట్టు."

"నువ్వు పడుకుంటే కాఫీ ఎవరు పెడతారే?" అన్నాడు గానీ వాడి మొహంలో నవ్వు లేదు. పక్క ఊళ్లో చెట్ల వైద్యం చేసే అస్లౌగ్ అనే అమ్మాయికి అప్పటికే ఫోన్ చేసేశాడు.

మార్చిలో, చెట్లింకా మోడుల్లా ఉండగానే, అస్లౌగ్ తాళ్లూ రంపాలూ వేసుకుని వచ్చింది. వస్తూనే ఓడ్వార్ మీద పడింది.

"ముందు ఆ కారు తియ్యండి. చెట్టు కాళ్ల మీద పెట్టారు."

"దాని కాళ్లు భూమిలో ఉన్నాయి కదమ్మా?"

"మీ కాళ్ల మీద ఓ దుప్పటి కప్పి, దాని మీద కారు పెడతాను. నొప్పుందో లేదో చెబుదురు గాని."

ఓడ్వార్ కారు తీశాడు. అస్లౌగ్ చెక్క సుత్తితో మొదలంతా తట్టి చూసింది, పైకెక్కి ప్రతి పంగా తడిమి చూసింది, దిగి బోర్గిల్డ్ దగ్గరికి వచ్చింది.

"లోపల గుల్లబారింది. అది జబ్బు కాదు, వయసు. చుట్టూ చెక్క గట్టిగానే ఉంది. పైన బరువే దీని ప్రాణం తీస్తోంది. బోర్గిల్డమ్మా, ఈ చెట్టును లేతగా ఉన్నప్పటి నుంచీ కోసేవారు కదూ?"

"మా నాన్న కోసేవాడు, గొర్రెలకు మండ కోసం. గొర్రెలు పోయాయి, నాన్నా పోయాడు. ఇంకెందుకు దాన్ని హింస పెట్టడం?"

"గొర్రెలు తినడం మానేశాయి గానీ చెట్టు పెరగడం మానలేదమ్మా. నాలుగైదేళ్లకోసారి తల బరువు దించుకోవడం దానికి అలవాటు. మీరు ముద్దు చేసి దించనివ్వలేదు. ఇప్పుడు ఒక్కో కొమ్మా ఒక్కో చెట్టంత అయి కూర్చుంది. ఇంకో గాలి వీస్తే నిలువునా చీలిపోతుంది."

బోర్గిల్డ్ తలెత్తి చెట్టు వంక చూసింది. కోత గొర్రెల కోసమేననుకుంది తప్ప, చెట్టుకూ అది కావాలని ఏనాడూ తట్టలేదు.

"మరేం చెయ్యమంటావ్?"

"పాత కోతల దగ్గర బుడిపెలు కట్టాయి చూశారా, అక్కడి దాకా దించేస్తాను. ఊపిరికి నాలుగు సన్న కొమ్మలుంచుతాను. బుడిపెల్లో ప్రాణముంటే చిగురేస్తుంది."

"లేకపోతే?"

అస్లౌగ్ తీపి మాటలు చెప్పే మనిషి కాదు. "లేకపోతే దాన్ని చంపింది నేనే అవుతాను."

ఓడ్వార్ మధ్యలో కల్పించుకున్నాడు. "జూన్ ఆఖర్న నడివేసవి పండక్కి మంటలు వేసే రోజు దాకా చూద్దాం అక్కా. అప్పటికీ బుడిపెలు చిగురించకపోతే మొదలంటా కొట్టించేస్తాను. మళ్లీ అడ్డం రాకూడదు."

బోర్గిల్డ్ లోపలికెళ్లి బీరు గ్లాసుతో వచ్చి చెట్టు మొదట్లో పోసింది.

"ఇవాళేమన్నా క్రిస్మసా అక్కా?"

"నువ్వు నోరు ముయ్యరా. కానియ్యమ్మా అస్లౌగ్."

రెండు రోజులు రంపం మోగింది. బోర్గిల్డ్ వంటింట్లో కిటికీకి వీపు తిప్పుకుని రొట్టెలు కాల్చింది. సగం మాడ్చింది. ఆమె మనసంతా ఆ పాత ఆగస్టుల్లో ఉంది. గడ్డి కోతలయ్యాక నాన్న కొడవలి నడుముకు దోపుకుని చెట్టెక్కేవాడు. అమ్మ మండలు కట్టలు కట్టేది. పిల్లలిద్దరూ వాటిని కొట్టంలోకి ఈడ్చేవారు. ఎండిన ఆకు వాసన చలికాలమంతా ఒంటికి అంటుకునే ఉండేది. బళ్లో పిల్లలు వీళ్లను గొర్రెపిల్లలని ఏడిపించేవారు.

రంపం ఆగింది. ఇంట్లో ఎందుకో వెలుగు ఎక్కువైనట్టనిపించి బోర్గిల్డ్ వెనక్కి తిరిగింది. కిటికీ నిండా ఫ్యోర్డు నీళ్లు. అవతలి ఒడ్డున చర్చి. మధ్యలో పడవ. నాన్న పడవ కోసం అమ్మ చూసిన కిటికీ ఇదే. ఇందులోంచి నీళ్లు కనబడతాయన్న సంగతే ఆమె మరిచిపోయింది.

బయటికొచ్చి తలెత్తితే చెట్టు మొండి చేతులెత్తుకుని నిలబడి ఉంది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడే ఓడ్వార్ టోపీ తీసి పైకి చూపించాడు.

"అక్కా, పాస్టరు గారు!"

నడి కొమ్మ మీద గుండ్రటి పెద్ద బుడిపె, మధ్యలో ముక్కులా ఓ మడత. నాన్న అన్నిటికన్నా ఆఖర్న దాని మీది కొమ్మలు తీసేవాడు, "పాస్టరు గారికి క్షవరం" అంటూ. ఓసారి అసలు పాస్టరు గారు కాఫీకి వస్తే, నాలుగేళ్ల ఓడ్వార్ ఆయన బట్టతల చూసి, "నాన్నా, ఈయనక్కూడా నువ్వే చేశావా?" అని అడిగాడు. నాన్నకు కాఫీ పొలమారింది.

"దాని కిందది నా కుర్చీ," అంది బోర్గిల్డ్. "నువ్వెక్కితే గిల్లేదాన్ని."

"మచ్చ ఇంకా ఉందే తల్లీ."

ముప్పై ఏళ్లు నాన్న చెట్టంటూ తను కాపాడింది, నాన్న ఎరిగిన చెట్టే కాదు. ఆయన చెట్టు ఇదిగో, ఇప్పుడే మళ్లీ కనబడింది. కనబడింది సరే, బతకాలి కదా! ఆ భయంతో ఆమెకు తిండి సయించలేదు.

ఏప్రిల్ వెళ్లింది. మే నెలలో ఊరంతా పచ్చబడింది. ఉంచిన నాలుగు కొమ్మలూ ఆకు తొడిగాయి. బుడిపెలు మాత్రం ఉలకలేదు, పలకలేదు. పొద్దున్నే కాఫీ కప్పుతో చెట్టు కింద నిలబడడం బోర్గిల్డ్‌కు నిత్యకృత్యమైంది. "కొమ్మల్ని చూసి మురిసిపోకండి, బుడిపె పలకాలి," అంది అస్లౌగ్ ఫోన్లో. ఆ పిల్ల గొంతులోనూ దిగులుంది. జూన్‌లో కుర్రకారు ఒడ్డున మంటకు కట్టెలు పేర్చడం మొదలుపెట్టారు. బోర్గిల్డ్ అటు చూడడం మానేసింది.

మంటలకు ఇంకా కొద్ది రోజులున్నాయనగా ఓ పొద్దున ఓడ్వార్ ఇంట్లో ఫోన్ మోగింది. అవతల అక్క. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఒరేయ్, పాస్టరు గారికి జుట్టు మొలిచిందిరా!"

ఓడ్వార్ ఫోన్ పట్టుకునే కిటికీ దగ్గరికెళ్లి అవతలి ఒడ్డు వైపు చూశాడు.

"మరీ పెరగనివ్వకే అక్కా. నాన్న ఊరుకోడు."