అందరికీ ఒకే ఇసుక

నేను ఒక ఇసుక గడియారాన్ని. గాజు నా ఒళ్లు, ఇసుక నా ఊపిరి. ఆస్ట్రేలియా పార్లమెంటులో, సభాపతి ముందున్న బల్ల మీద నా కొలువు. ఓటింగుకు గంటలు మోగగానే గుమాస్తా నన్ను తలకిందులు చేసేవాడు. నా ఇసుక అయిపోగానే తలుపులకు తాళాలు పడేవి. లోపలున్నవారిదే ఓటు. ప్రధానికైనా కొత్త సభ్యుడికైనా ఒకే ఇసుక. ఆ సమత్వానికి నేనెంత మురిశానో తలచుకుంటే, ఇప్పుడు తల ఎత్తలేను.

ఆ మగవారి సభకు మార్జొరీ క్విల్టర్ వచ్చింది. గనుల ఊరు గెలిపించిన తొలి మహిళ. గనిలో భర్తను పోగొట్టుకున్న ఆమె, అలాంటి వితంతువులకు పింఛను కోరుతూ బిల్లు తెచ్చింది. ఇరుపక్షాల బలమూ సమానం; ఆమె ఓటే ఆధారం.

కానీ సభ గుమ్మం పక్కనున్న మరుగుదొడ్డి పురుషులది. ఆమె పెరడు దాటి, టైపిస్టుల గదుల వెనక్కి వెళ్లాలి. చర్చ ఎంతకీ తెగకపోవడంతో, ఆమె లేచి అటు వెళ్లింది. ఎదుటిపక్షం నాయకుడు ర్యాట్‌క్లిఫ్ అది చూశాడు, పక్కవాడికి కన్ను గీటాడు, వెంటనే ఓటింగు కోరాడు.

ఆగుదామనుకున్నాను. ఇసుక ఆగదు. ఆమె బూట్ల చప్పుడు గుమ్మం చేరేసరికి తాళం పడింది. బిల్లు ఓడింది.

"అంతా నియమం ప్రకారమేగా, మేడమ్!" అన్నాడు ర్యాట్‌క్లిఫ్, నవ్వాపుకొంటూ.

"అవునండీ. మీ నియమం మగవాళ్ల గది పక్కనే కాపురముంది."

మళ్లీ బిల్లు వచ్చిన రోజున, ఆమె తిన్నగా ఆ మగవాళ్ల గదికే వెళ్లి, తన నీలం టోపీని బయటి గొళ్లానికి తగిలించి లోపలికి వెళ్లింది. తెరిచిన తలుపుల్లోంచి నాకంతా కనబడింది. దేశాన్నేలే పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఆ టోపీని దాటే ధైర్యం లేకపోయింది.

"కాస్త త్వరగా కానివ్వండమ్మా!" బతిమాలాడు ర్యాట్‌క్లిఫ్.

"పెరడు దాటి వెళ్లండి సార్. నేను రోజూ నడిచే దారే."

ఆయన పరుగెత్తాడు. ఆమె వచ్చి కూర్చుని, టోపీ సర్దుకుని, ఓటింగు కోరింది. ఆయనకూ అదే ఇసుక ఇచ్చాను, ఆయనకూ చాలలేదు. బిల్లు గెలిచింది. గెలిపించింది టోపీ. నేను ఎవరి పక్షమూ వహించలేదు. నా సిగ్గంతా అదే.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. "అందరికీ సమానంగా సమయమిచ్చిన గడియారం" అని పిల్లలకు చూపిస్తుంటే, గాజు వెనక దాక్కునే చోటు దొరకదు. నిన్న ఒక పాప నన్ను చూడనేలేదు.

"మిస్, బాత్‌రూమ్ ఎటు?"

"ఈ పక్కనే, తల్లీ."

నాలో ఒక్క రేణువూ కదలకముందే, ఆ పాప తిరిగొచ్చినట్టనిపించింది.