అందరి చీటీలూ

ఆఫీసులో ఆమెను మొండిఘటం అనేవారు. మొహం మీదే అనేవారు. ఆమె కూడా ఆ పిలుపుకి చక్కగా పలికేది.

వాళ్లు ఒక వైద్య పరీక్షల ల్యాబ్‌కి వెబ్‌సైట్ తయారుచేశారు. దాన్ని నడిపే సర్వర్‌కి మతిమరుపు. పేజీ మారిందంటే ఎదుట ఉన్నదెవరో గుర్తుండదు. అందుకే లాగిన్ అయినవాళ్లకి ఒక రహస్య చీటీ ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని లోపల దాచుకుని ప్రతి పేజీకీ చూపిస్తుంది. చీటీ ఎవరి చేతిలో ఉంటే సర్వర్ లెక్కలో వాళ్లే ఆ మనిషి. గొడవంతా ఇక్కడే వచ్చింది.

"మాటిమాటికీ లాగిన్ అడుగుతోందని జనం విసుక్కుంటున్నారు. ఆ చీటీ ఏదో మనం ఫోనుకి పంపే రిపోర్టు లింకులోనే పెట్టెయ్. నొక్కగానే తెరుచుకోవాలి," అన్నాడు మేనేజరు.

"ఆ లింకు ఇంకొకరికి పంపితే వాళ్లకీ తెరుచుకుంటుంది సార్."

"తన రిపోర్టు ఊరందరికీ ఎవరు పంపుకుంటారమ్మా?"

"నేను పెట్టను సార్."

ఆయన ఆ పని సీనియర్‌తో చేయించాడు. ఆమెకు మాత్రం, సైట్ మీద చెయ్యి వేస్తే ఉద్యోగం ఉండదని చెప్పాడు.

కొత్త పద్ధతి ప్రారంభం రోజున ల్యాబ్ యజమాని ఆఫీసుకి వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరు పెద్ద తెర మీద తన రిపోర్టే తెరిచి చూపిస్తూ ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. వెనక బల్ల దగ్గర ఆమె ఫోను టింగుమంది.

అక్క! రొమ్ములో గడ్డ తగిలి ఇదే ల్యాబ్‌లో పరీక్షకి వెళ్లిన సంగతి చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. "రిపోర్టు వచ్చిందే. చూడాలంటే భయంగా ఉంది. లింకు పంపుతున్నా, నువ్వే చూసి చెప్పు," అని రాసింది. ఆ లింకు మాత్రం కంగారులో ఇంటిల్లిపాదీ ఉన్న గ్రూపులో పడింది. ఆమె ఫోన్ చేసింది. అక్క ఎత్తలేదు. ఈలోగా గ్రూపులో బాబాయ్ రానే వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఉండు, కళ్లద్దాలు తెచ్చుకుని చూస్తా."

ఆమె సర్వర్ తెరిచింది. అక్క చీటీ ఒక్కటి రద్దు చేస్తే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు, ఉద్యోగమూ నిలిచేది. వేలు దాని మీదికే వెళ్లింది కూడా. అంతలో ఆమెకు ఒళ్లు మండింది. ఈ పూట ఇంకెంతమంది అక్కలు ఈ లింకుల్ని ఎక్కడెక్కడ పారేసుకున్నారో! వాళ్లకి ఈ ఆఫీసులో చెల్లెళ్లు లేరు.

అన్ని చీటీలూ రద్దు చేసి, పాత పద్ధతి మళ్లీ పెట్టేసింది.

పెద్ద తెర మీద మేనేజరు రిపోర్టు పోయి, పేరూ పాస్‌వర్డూ అడిగే ఖాళీ గళ్లు వచ్చాయి. ఆయన మళ్లీ నొక్కాడు. మళ్లీ అవే గళ్లు.

"ఎవరిదీ పని?"

సీనియర్ కీబోర్డులోకి తల దూర్చేశాడు. ఆమె లేచి నిలబడింది.

"నాదే సార్. అందర్నీ బయటికి పంపేశాను, మీతో సహా. మళ్లీ లింకులో పెడితే మళ్లీ తీసేస్తాను."

"నువ్విక్కడ ఉంటేగా!"

"ఉన్నంతసేపూ తీస్తాను."

ఫోను మళ్లీ టింగుమంది. బాబాయ్.

"అద్దాలు పెట్టుకున్నా. ఇదేదో పాస్‌వర్డ్ అడుగుతోందేంటమ్మా?"

"అడగాలి బాబాయ్," అని రాసి, ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. అక్క ఇంటికి వెళ్లి ఆ రిపోర్టు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూడాలి.